ఎండలో పెట్టిన ఫోను

మా అక్క ఫోనులో ఉన్న మా బావ గొంతును మదనపల్లెలో ఒక అంగడివాళ్ళు తుడిచేశారు. మేము ఇచ్చింది బ్యాటరీ మార్చమని. వాళ్ళు బ్యాటరీ మార్చారు, పనిలో పనిగా లోపలున్నదంతా తీసేశారు, ఒక్క మాట అడగలేదు. ఆ గొంతు గల మనిషి ఇప్పుడు లేడు గనుక అది మళ్ళీ దొరికేది కాదు. ఈ సంగతి మొట్టమొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ముసలివాళ్ళు పాత వస్తువులను పొగడడం మొదలుపెడితే వినేవాళ్ళు లోలోపల నవ్వుకుంటారని నాకు తెలుసు. నేను రాయబోయేది ఒక నష్టం గురించి అని ముందే తెలిస్తే, నా ఈడువాళ్ళైనా చివరిదాకా చదువుతారని ఆశ.

మా బావ పుంగనూరులో రేడియోలు, తరువాతి కాలంలో టేపు రికార్డర్లు బాగుచేసేవాడు. మా అక్కను ఆయనకిచ్చిన కొన్నాళ్ళకు, ఐదో తరగతితో చదువుకు దండం పెట్టి, ఊళ్ళో పనీపాటా లేక తిరుగుతున్న నన్ను, మీసాలు మొలుస్తున్న వయసులో, ఆయన తన అంగడికి పిలిపించుకున్నాడు. నాకు నాలుగు అక్షరాలు వంటబట్టింది అక్కడే. రేడియో భాగాలు చుట్టి వచ్చే కాగితాలు పారేయకుండా దాచుకుని, తెలుగు కాగితమైతే తెలుగు, తమిళమైతే తమిళం, ఇంగ్లీషైతే అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. పాతికేళ్ళు దాటాక మదనపల్లె చేరి, బోరు మోటార్లకు తీగ చుట్టుకుంటూ సంసారం ఈదాను గాని, చేతికి పని నేర్పినవాడు ఎవరంటే ఇప్పటికీ నా నోట మా బావ మాటే వస్తుంది.

ఆ అంగడికొక పద్ధతి ఉండేది. రేడియో తెచ్చినవాడు ఎదురుగా కూర్చుంటే తప్ప మా బావ దాని వెనక మూత తీసేవాడు కాదు. తొందర పని ఉందని, సంతకు పోయి వస్తానని ఎవరైనా అంటే, పోయి రమ్మని, వచ్చాకే తెరుస్తానని పక్కన పెట్టేసేవాడు. ఆ రోజుల్లో రేడియో వెనక చాలామంది ఏవేవో దాచుకునేవారు. గాజులమ్మే ఒక సాయిబుల ఇంటి ఆవిడ రేడియోలో నల్లదారంతో కట్టిన తాయెత్తు ఉండేది; మా బావ దాన్ని ముట్టుకోకుండా చుట్టూ ఉన్న దుమ్ము మాత్రం కుంచెతో తుడిచేవాడు. ఒకసారి చౌడేపల్లె నుంచి పాలవ్యాపారం చేసే ఒకాయన రేడియో చంకలో పెట్టుకుని వచ్చి, "అప్పా, నా రేడియో గజ్జెలు కట్టుకోని ఆడతాండాది, సూడు" అన్నాడు. నిజంగానే కదిలిస్తే గలగలమంటోంది. తెరిచి చూస్తే లోపల ఒక చిన్న మువ్వ. ఆయన దాన్ని వేలితో తాకి గుర్తుపట్టాడు. చచ్చిపోయిన లేగదూడ మెడలోదట, వాళ్ళమ్మ అందులో పెట్టిందట, ఆ తల్లీ పోయి ఏడాదైందట. దాన్ని తీసి ఇవ్వమంటావా అని మా బావ అడిగాడు. "మాయమ్మ ఆడ పెట్టింది, ఆడే ఉండనీ" అన్నాడాయన. మా బావ ఆ మువ్వకు దూది చుట్టి, మోగకుండా చేసి, ఎక్కడుందో అక్కడే పెట్టి మూత బిగించాడు. ఆయన వెళ్ళాక నాతో ఒక మాటన్నాడు, ఇన్నేళ్ళుగా నేను దాన్ని మరిచిపోలేదు: "సెడిపోయినంత మటుకే మనదిరా. లోపలుండేది వాళ్ళది."

ఇక సెల్లుల సంగతి. ఆ లావుపాటి టార్చిలైటు సెల్లులు మీకూ గుర్తుండే ఉంటాయి. అక్క పెళ్ళికి ముందు మా ఊరి ఇంట్లో రేడియోకూ టార్చికీ కలిపి ఉన్నవి అవే. శెనక్కాయ చేలో పందుల కాపలాకు పోయే రోజున రేడియో నోరు మూసుకునేది. నాటకం ఉన్న రోజున టార్చి గుడ్డిదయ్యేది. పక్కింటివాళ్ళు అడిగితే సెల్లులు మాత్రం ఇచ్చేవాళ్ళం, రేడియో మా గూట్లోనే ఉండేది. రేడియో గొంతు సన్నగిల్లి పీలగా మాట్లాడడం మొదలుపెట్టగానే మా అక్క సెల్లులు ఊడదీసి, మిద్దె మీద ఆరబోసిన శెనక్కాయల పక్కన ఎండలో పెట్టేది. పొద్దుగూకేముందు తెచ్చి వేస్తే అవి కాస్త వేడెక్కి, మరి రెండు మూడు నాళ్ళు ఊపిరి పోసుకునేవి. ఇది మా అక్క కనిపెట్టిన విద్య కాదు, మా పక్క ప్రతి మిద్దె మీదా జరిగేదే. వడియాలు, ఎండుమిరప, సెల్లులు, అన్నిటికీ ఒకటే ఎండ.

చేతి ఫోన్లు వచ్చిన కొత్తలో కూడా ఈ ఊడదీయడం, వేయడం మనకు అలవాటుగానే ఉండేది. నా మొదటి ఫోను కిందపడితే మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు, ఫోను ఒకవైపు పోయేవి. ఏరుకుని, పంచెకు తుడిచి, తిరిగి వేస్తే బతికేది. మొండికేసి నిలిచిపోతే బ్యాటరీ పీకి మళ్ళీ పెడితే బుద్ధి వచ్చేది. తరువాత వచ్చిన స్మార్టు ఫోన్లకు బ్యాటరీ లోపలే పెట్టి మూసేశారు. అందులో మంచి లేదని నేను అనను. పలచగా ఉంటాయి, జేబులో బరువు తెలియదు, పడినా మూడు ముక్కలు కావు, వాన చినుకు పడితే ఒకప్పట్లా గుండె జారిపోదు, దుమ్ము దూరదు. రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మేవాడి దగ్గర నకిలీ బ్యాటరీ కొని వేసుకుని చెయ్యి కాల్చుకునే బాధ కూడా తప్పింది. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. అయితే దీపంలో చమురైపోతే చమురు పోసుకోవడం వేరు, దీపాన్నే తీసుకుపోయి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టి రావడం వేరు. ఇప్పటి ఫోనులో మన ఇల్లంతా ఉంటుంది; బ్యాటరీ ముసలిదైతే ఆ ఇల్లంతటినీ అప్పగించి రావాలి.

పుంగనూరు అంగడి మూసేసి, మా బావా అక్కా కుప్పంలో బడిపంతులమ్మగా ఉన్న కూతురి దగ్గరికి చేరిన తరువాత, మా మేనకోడలు వాళ్ళిద్దరికీ కలిపి ఒక స్మార్టు ఫోను కొనిపెట్టింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. మా బావ దాన్ని చేతిలోకి తీసుకుని మొదట చేసిన పని, తిరగేసి మూత కోసం వెదకడం. బొటనవేలి గోటితో నాలుగు అంచులూ తడిమాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తడిమాడు. "ఏమ్మే, దీనికి వాకిలి యాడుండాది?" అని కూతుర్ని అడిగాడు. ఉండదు నాయనా అందామె. "వాకిలి లేకుండా ఇల్లు కట్టినారే! సెడిపోతే ఏం జేసేది, గోడ పగలగొట్టేదా?" అన్నాడు. అందరం నవ్వాం.

ఆ నవ్వులోనే ఆయన ఫోనుకు గొంతు పరీక్ష పెట్టాడు. అదీ పాత అలవాటే. బాగుచేసిన ప్రతి టేపు రికార్డరునూ మా బావ ఒకే మాటతో పరీక్షించేవాడు. దాని ముందు వంగి, దూరపు ఊరివాళ్ళతో మాట్లాడుతున్నట్టు గట్టిగా పిలిచేవాడు, తరువాత దాన్ని వినిపించి, వచ్చినవాడి ముఖంలో వెలుగు చూసేవాడు. ఆ రోజు ఫోనులో రికార్డు అయింది ఇదీ: "హలో, హలో, పుంగనూరు మాట్లాడతాండాది. ఇనపడతాండాదా?" కాసేపు చప్పుడు లేదు. తరువాత వెనక వంటింట్లోంచి మా అక్క గొంతు: "ఇనపడతాండాది లే, ఈడ పాలు పొంగిపోతాండాయి, దాన్ని ఆడ పెట్టి రా!" ఆ తరువాత మా బావ నవ్వు, అంతటితో ఆగిపోతుంది.

మా బావ పోయాక మా అక్కకు ఆ ఫోనులో తెలిసినవి రెండే, ఫోను చేయడం, ఆ గొంతు వినడం. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, పక్కన ఫోను పెట్టి, ఆ రికార్డింగు నొక్కేది. తన పాత గొంతు లోపలినుంచి రాకముందే తాను జవాబు చెప్పేది. తరువాత కాఫీ కలుపుకునేది. నేను అక్కడ నిద్ర లేచిన రోజుల్లో పడక మీంచే వినేవాణ్ణి. మధ్యలో కదిలితే ఆమె సిగ్గుపడుతుందని కళ్ళు తెరిచేవాణ్ణి కాను. దాన్ని ఇంకో ఫోనులోకి ఎక్కించి పెట్టాలని మా మేనకోడలూ అనుకుంది, నేనూ అనుకున్నాను, ఎవరమూ చేయలేదు. గాలి, నీళ్ళలాగా రోజూ ఉండేదాన్ని ఎవరు దాస్తారు?

పోయిన వేసవిలో ఆ ఫోనుకు ఛార్జింగు నిలవడం మానేసింది. మేనకోడలు బడికి పోయింది, కరెంటు లేదు. మా అక్కకు తెలిసిన వైద్యం ఒకటే. ఫోను తీసుకుపోయి మిద్దె మీద పిట్టగోడ మీద, ఎండుమిరప చేట పక్కన పెట్టి వచ్చింది. ఊడదీయడానికి సెల్లు లేదు గనుక ఫోనంతా పెట్టింది. మధ్యాహ్నం పోయి చూస్తే, ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూతలాగా ఫోను అద్దం ఒక పక్కన లేచి ఉంది. లోపలి బ్యాటరీ ఉబ్బింది. నాకు ఫోను చేసి మా మేనకోడలు చెప్పిన రోజే, ఇక దాన్ని ఛార్జింగుకు పెట్టవద్దని, నొక్కవద్దని, ఒక మట్టి మూకుట్లో పెట్టి దూరంగా ఉంచమని చెప్పి, మరునాడు పొద్దున బస్సుకే కుప్పం బయలుదేరాను. ఆ కంపెనీ ఫోన్లు బాగుచేసే అంగడి మదనపల్లెలోనే ఉందన్నారు. వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా తిరిగి వస్తూ ఆ ఫోనును పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు మా పాత అంగడి వైపు చూశాను. అక్కడ ఇప్పుడు టీ కొట్టు ఉంది.

అంగడి చల్లగా, శుభ్రంగా, ఆస్పత్రిలా ఉంది. ముందర బల్ల దగ్గర చొక్కాకు బిళ్ళ పెట్టుకున్న ఒకతను ఫోను తీసుకుని, బ్యాటరీ ఉబ్బింది, మారుస్తాం, సాయంత్రం రండి అన్నాడు. వెనక అద్దపు గోడ, దాని వెనక తలలు వంచుకుని పనిచేసేవాళ్ళు. నేను ఎదురుగా కూర్చుంటానన్నాను. లోపలికి ఎవరినీ రానివ్వరన్నాడు. ఎందుకు రానివ్వరని అడిగితే, పద్ధతి అన్నాడు. సాయంత్రం పోతే ఫోను కొత్తదానిలా మెరుస్తోంది. బరువు దిగినట్టు సంతోషపడి ఆ వారంలోనే కుప్పం తీసుకుపోయాను.

మా అక్క చేతులు కడుక్కుని వచ్చి తీసుకుంది. ఎప్పుడూ నొక్కే చోట నొక్కింది. లేదు. వేలు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. మా మేనకోడలు తీసుకుని అంతా వెదికి, తల ఎత్తకుండా నా చేతికిచ్చింది. ఫోటోలు లేవు, పేర్లు లేవు, గొంతు లేదు. మా అక్క మిద్దె మెట్ల వైపు చూసింది. "నేనే గదరా ఎండలో పెట్టింది" అంది, అంతే.

ఈ మాటే నన్ను తినేసింది. నేను ఎన్ని విధాల చెప్పానో. ఉబ్బింది బ్యాటరీ, గొంతు ఉండే చోటు వేరు, నువ్వు ఎండలో పెట్టినందుకు బ్యాటరీ పోయిందే తప్ప బావ గొంతు పోలేదు, అది అంగట్లో పోయింది అని. మా అక్క నా వైపు జాలిగా చూసింది. "నా మనసు కుదటపడాలని సెప్తాండావు. నువ్వు నా తమ్ముడివి, ఇంకేం సెప్తావు?" అంది. తరువాత ఆమె మిద్దె ఎక్కడం మానేసింది. ఎండుమిరప కూడా మేనకోడలే ఆరబెట్టాలి. కొన్నాళ్ళకు మా మేనకోడలు ఫోను చేసి, "మామా, అమ్మ పాలు పొయ్యి మీద పెట్టడం మానేసింది. కాఫీ వద్దంటాండాది" అని చెప్పింది. అరవై ఏళ్ళుగా పొద్దున కాఫీ లేకుండా పనిలోకి దిగని మనిషి.

అప్పుడు నాకు అర్థమైంది, నా మాటతో ఇది తీరదు. తుడిచినవాళ్ళే చెప్పాలి. నాకు వాళ్ళ డబ్బు వద్దు, కొత్త ఫోను వద్దు. ఎండ వల్ల పోలేదు, మేమే తీసేశామని ఒక్క మాట మా అక్కకు చెబితే చాలు. అంగడికి పోయి ఇదే అడిగాను. బిళ్ళ పెట్టుకున్నతను మర్యాదగానే మాట్లాడాడు. బాగుచేసిన ప్రతి ఫోనునూ లోపలంతా కొత్తగా చేసి ఇవ్వడం వాళ్ళ పద్ధతట, ముందే కాపీ చేసుకోవాలని గోడ మీద రాసి ఉందట. చూశాను. ఉంది, ఇంగ్లీషులో, చీమల బారు లాగా. కూడబలుక్కుని చదివాను కూడా. ఆ ముక్క మా అక్కకు ఫోనులో చెప్పమంటే, "అట్లా మేం సెప్పకూడదు తాతా, కంపెనీకి రాసుకో" అన్నాడు.

రాశాను. నాకొచ్చిన తెలుగులో, నా కడుపుమంటంతా పెట్టి రాశాను. వాళ్ళ దగ్గరున్నది బాగుకిచ్చిన ఫోను నంబరే గనుక జవాబు మా అక్క ఫోనుకే వచ్చింది, నాకు రాలేదు. పొద్దున్నే వచ్చిన ఆ సందేశాన్ని, మంచి వార్తేమోనని, మా మేనకోడలు తల్లి ముందే పైకి చదివేసింది: "మీ పరికరమును అధిక ఉష్ణమునకు గురిచేసినందువలన నష్టము సంభవించినది. బ్యాటరీ విజయవంతముగా మార్చబడినది. మీ ఫిర్యాదు ముగించబడినది." మా అక్క విని, "సూసినావా" అందట. నేను న్యాయం అడగబోయి, నేరం ఆమె మీదే ఖాయం చేయించి తెచ్చాను.

మరోసారి అంగడికి పోయాను. ఈసారి అరవలేదు. బల్ల దగ్గర జనం ఉన్నారు. అద్దపు గోడ వెనకనుంచి పనిచేసే అమ్మాయి ఒకతె నీళ్ళు తాగడానికి బయటికి వచ్చింది, బి.కొత్తకోట పక్క పిల్ల అని మాటలో తెలిసింది. ఆమె పక్కనే నిలబడి, ఎవరిమీదా నేరం మోపకుండా, మా అక్క పొద్దున పాలు పెట్టుకుని ఏం వినేదో, ఇప్పుడు కాఫీ ఎందుకు తాగడం లేదో చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు. సీసా మూత బిగించుకుంటూ, "ఏ ఫోను తాతా?" అని మాత్రం అడిగింది. ఫోను నంబరూ, ఇచ్చిన రోజూ చెప్పాను. లోపలికి వెళ్ళిపోయింది. నేను గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. మనం పెరిగిన కాలంలో మనుషులు ఇప్పటివాళ్ళకన్నా మంచివాళ్ళని నేను చెప్పలేను. కల్తీ సెల్లులు అమ్మినవాళ్ళూ, కొత్త భాగమని పాతది వేసినవాళ్ళూ పుంగనూరులోనే ఉండేవారు. కానీ వస్తువుకు ఒక మూత ఉండేది, దాని ముందు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చునేవారు. మువ్వ కనబడగానే చెయ్యి ఆగి, కళ్ళు పైకి లేచి, ఇది తీయనా ఉంచనా అని అడగడానికి అవతల ఒక ముఖం ఉండేది. ఇప్పుడు వస్తువు మూతను మూసేసినట్టే, ఆ ఇద్దరి మధ్యా అద్దం వేసి మూసేశారు. గాలి చొరదు, నీరు చొరదు, దుమ్ము చొరదు, నిజమే. అడగడమనేది కూడా చొరబడకుండా పోయింది. మా బావ గోటితో అంచులు తడుముతూ వెదికిన వాకిలి, ఆయన అన్నప్పుడు మేము నవ్విన వాకిలి, ఇదేనని నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది.

పోయిన నెలలో నేను కుప్పంలో ఉండగా, మా అక్క చాప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే, పక్కన పడి ఉన్న ఆమె ఫోను మోగి ఆగింది. మా మేనకోడలు చూసి, ఏదో కొత్త నంబరు నుంచి గొంతు సందేశం వచ్చిందంది. ఈసారి నేను ఒక్క క్షణం ఆగమన్నాను, మునుపటి దెబ్బ గుర్తుండి. మా అక్కే, కానీలే, ఇంకేం పోతుంది అంది. మేనకోడలు నొక్కింది. మా బావ గొంతు పోయినప్పటినుంచి, దాచి ఉంచిన గొంతు ఒకటి ఆ ఫోనులో పలకడం అదే మొదలు. వెనక ఎక్కడో బస్సుల హారన్లు, ఒక ఆడపిల్ల తడబడే గొంతు:

"అవ్వా, నేను మదనపల్లెలో ఫోన్లు రిపేరు చేసే అంగట్లో పనిజేస్తా. నేను సెప్పినానని మా వాళ్ళకు సెప్పొద్దు. నువ్వు ఎండలో పెట్టినందుకు ఏం పోలేదవ్వా. బ్యాటరీ ఉబ్బిందంతే. తాత గొంతు లోపల బాగానే ఉండె. తీసేసింది నేను. నిన్ను ఒక మాట అడగాల్సింది, అడగలేదు. నువ్వు కాఫీ తాగవ్వా. హలో, ఇనపడతాండాదా అవ్వా?"